బొమ్మలమ్మ గుట్టకు దిక్కెవరు?

కరీంనగర్ నుంచి కొండగట్టుకు పోయే భక్తులకు లెక్కలేదు. వేములవాడ రాజన్న దగ్గరకు పోయేవాళ్లకు అంతకన్నా లెక్కలేదు. ఈ రెండు తొవ్వలకూ దగ్గరలోనే, గంగాధర మండలం కురిక్యాల పక్కన ఒక రాతి గుట్ట ఉన్నది. దానికి కప్పు లేదు, గోడ లేదు, అద్దాల బీరువాలు లేవు. వెయ్యి ఏండ్లకు పైబడిన శిల్పాలు ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ బండకే అంటుకొని నిలబడి ఉన్నయి. మన జిల్లాలో ఆకాశమే కప్పుగా ఉన్న మ్యూజియం ఏదంటే ఇదే. దీన్ని చూసినవాళ్లు మనలో ఎందరు?

గుట్ట మీద నిలువు బండకు చెక్కిన బొమ్మలు జైనులవి. నడుమ చక్రేశ్వరి, ఆదినాథుని యక్షిణి. అటూ ఇటూ తీర్థంకరులు. జైనం ఈ నేల నుంచి పోయి ఎన్ని వందల ఏండ్లయినా ఊరివాళ్లు ఆ తల్లిని వదల్లేదు. బొమ్మలమ్మ అని పేరు పెట్టుకొని తమ అమ్మవారి వరుసలో కలుపుకున్నరు. ఏ శాఖ బోర్డు పెట్టకముందే ఆ పేరే గుట్టకు కాపలా కాసింది.

బొమ్మల కింద శాసనం ఉంది. క్రీ.శ. 945 ప్రాంతానిది. వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపనికి సొంత తమ్ముడు. వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో పంపడు ఆదిపురాణం, విక్రమార్జున విజయం రాసి, ధర్మవురం అగ్రహారాన్ని కానుకగా అందుకున్నడు. ఆ ముచ్చట చెప్పుకుంటూ తమ్ముడు ఈ వృషభాద్రి మీద తీర్థంకరుల బొమ్మలు చెక్కించిండు. త్రిభువనతిలకమనే బసది కట్టించిండు, మదనవిలాసమనే తోట వేయించిండు, కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించిండు. కవితాగుణార్ణవుడు అంటే పంపనికున్న బిరుదే. అన్న బిరుదు మీద చెరువు తవ్వించిన తమ్ముడు! చెరువుల మీద ఇంత మాట్లాడే మనకు ఈ సంగతి నోటికి రావాలె. ఆ చెరువు ఏది, ఆ తోట ఏ దిక్కున ఉండేది, గ్రామ నక్షా పట్టుకొని వెతికేందుకు ఎం.ఏ. చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు దొరుకుతదా?

ఇక అసలు సంగతి. ఆ శాసనం మూడు భాషల్లో ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు. తెలుగు భాగంలో ఉన్నవి కంద పద్యాలు. నన్నయ భారతం కంటే నూరేండ్ల ముందటి కందాలు. తెలుగు పద్యానికి ఇదొక్కటే పాత సాక్ష్యం అనడం లేదు. అద్దంకిలో 848 నాటి తరువోజ ఉంది, బెజవాడలో యుద్ధమల్లుని మధ్యాక్కరలున్నయి. కానీ కందానికి సంబంధించి దొరికినవాటిలో ఇదే పాతదని పండితుల మాట. మన చిన్నప్పటి పాఠాల్లో తెలుగు కవిత్వం రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీద పుట్టినట్టే ఉండేది. అదే గోదావరికి ఎగువన, కరీంనగర్ గడ్డ మీద, అంతకు ముందే కందం నడక నేర్చిందని చెప్పిన పంతులు ఎంతమందికి దొరికిండు?

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలె. ఈ అన్నదమ్ముల వంశం వేంగినాటిది. అక్కడి నుంచి వచ్చినవాళ్లు వేములవాడ రాజు నీడన ఉండి, ఒకరు కన్నడంలో కావ్యాలు రాస్తే ఇంకొకరు తెలుగు పద్యం రాతికెక్కించిండు. కాబట్టి ఈ గుట్టను పట్టుకొని ఎవరినో చిన్నబుచ్చే పని మనకు వద్దు. మూడు భాషలకు ఒకే బండ మీద చోటిచ్చిన నేల ఇది. దాచిపెట్టినవాళ్ల మీద మన కోపం న్యాయమే. మనమే మరిచిపోతే ఎవరి మీద కోపం తెచ్చుకుంటం?

2008 అక్టోబర్ 31న తెలుగుకు ప్రాచీన హోదా ప్రకటించిండ్రు. మన భాష పాతదనానికి చూపిన సాక్ష్యాల్లో ఈ శాసనం పేరు గట్టిగానే వినబడ్డది. ఇటు చూస్తే కరీంనగర్ చుట్టూ గుట్టలు ఒక్కొక్కటే మాయమైనయి. మన రాయి టాన్ బ్రౌన్ అని పేరు మార్చుకొని కాకినాడ రేవు మీదుగా చైనాకు పోయింది. ఈ గుట్టను కూడా గ్రానైట్ కన్ను వదల్లేదు. రచయితలు, ఊరివాళ్లు అడ్డం తిరిగితేనే బండ నిలిచింది. లేకుంటే జినవల్లభుని కందాలు ఏ దేశంలోనో వంటింటి గట్టు అయ్యేవి.

ధూళికట్ట బౌద్ధ స్తూపం రాతి పలకలు కొన్నైనా కరీంనగర్ మ్యూజియం చేరి నీడ పట్టున ఉన్నయి. కోటిలింగాల నాణేలు పుస్తకాలకెక్కినయి. ఊరి అంచును మాత్రం ఎల్లంపల్లి నీళ్లు తాకినయి. ఆదిలాబాద్ జిల్లా జైనథ్‌లో పరమార జగద్దేవుని శాసనానికి గుడి గోడల కాపలా ఉంది. బొమ్మలమ్మ గుట్టను ఎత్తి ఎక్కడ పెడతం? బండను కదిలిస్తే శాసనం చచ్చిపోతది. ఉన్నచోటే కాపాడాలె.

ఒకప్పుడు మన గోడు వినే సర్కారు హైదరాబాద్‌లో లేదని అన్నం. 2014 జూన్ 2 తర్వాత ఆ మాట చెల్లదు. 2017లో వారసత్వ సంపద చట్టం కూడా మనమే చేసుకున్నం. అదే ఏడాది డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు జరుపుకున్నం. ఆ అతిథులకు కురిక్యాల తొవ్వ చూపించినమా? 2016లో జిల్లాలు విడగొట్టిన తర్వాత వేములవాడ ఒక కలెక్టర్ కిందికి, కురిక్యాల ఇంకో కలెక్టర్ కిందికి పోయినయి. పంపన్న రాజు ఒక జిల్లాలో, తమ్ముని రాయి ఇంకో జిల్లాలో. ఫైలు కూడా రెండు ముక్కలు కాకుండా చూసుకోవాలె.

మేము అడిగేది కొండంత కాదు. గుట్ట చుట్టూ ఎంత దూరం దాకా పేలుడు మందు పెట్టరాదో హద్దు రాళ్లు పాతి, ఆ హద్దు గ్రామ పంచాయతీ గోడ మీద రాయాలె. శాసనం అక్షరాలు, దాని అర్థం తెలుగులో ఒక బోర్డు మీద ఉండాలె. వాన నీరు బొమ్మల మీదుగా జారకుండా పైన చిన్న కాలువ చాలు. సిమెంట్ పూసి, రంగులు వేసి బాగుచేసినమనే కాంట్రాక్టర్‌ను మాత్రం దగ్గరికి రానీయద్దు.

ఉద్యోగులు ఆదివారం పిల్లలను తీసుకొని పోవచ్చు. శాతవాహన యూనివర్సిటీ విద్యార్థులు ఏడాదికి ఒక్క తరగతి ఆ బండ ముందు పెట్టించుకోవచ్చు. ఎండాకాలం పొద్దున్నే పోండి, నీళ్ల సీసా వెంట ఉంచుకోండి. సుద్దముక్క మాత్రం జేబులో పెట్టుకోకండి. అక్షరాలు కనబడాలని శాసనాల మీద సుద్ద రాసే అలవాటు మనకున్నది. పక్కనుంచి పడే పొద్దటి ఎండకే అక్షరాలు బాగా తేలుతయి.