గేటు దాటని లుంగీ

స్కాట్లాండ్‌లో కొందరు మగవాళ్లు గళ్ల కిల్టును మళ్లీ రోజువారీ బట్టగా కడుతున్నారు. పెళ్లికో ఫుట్‌బాల్ మ్యాచ్‌కో బీరువాలోంచి తీసే ఆ ఉన్ని బట్టను చుట్టుకుని దుకాణానికీ ఆఫీసుకీ వెళ్తున్నారు. పైన మామూలు టీషర్టు, కాళ్లకు బూట్లు. అంతకు మించిన అలంకారం లేదు. నలుగురూ తిరిగి చూస్తున్నా వాళ్లు మానడం లేదు.

ఆ బట్టకు ఏం జరిగిందో తెలిస్తే వాళ్ల పట్టుదల అర్థమవుతుంది. 1746లో కలోడెన్ యుద్ధంలో తిరుగుబాటును అణిచాక బ్రిటిష్ పార్లమెంటు కొండప్రాంతపు మగవాళ్ల వేషాన్నే నిషేధించింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండోసారి దొరికితే ఏడేళ్లు ప్రవాసం. సైన్యంలో చేరినవాళ్లకు మాత్రం మినహాయింపు. 1782లో నిషేధం ఎత్తేసేనాటికి ఒక తరం మారిపోయింది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు, రచయిత వాల్టర్ స్కాట్ దగ్గరుండి నడిపిన వేడుకల్లో రాజే కిల్టు కట్టాడు. దాంతో ఆ బట్టకు గౌరవం పెరిగింది గానీ, పశువులు కాసేవాడి ఒంటి మీదికి అది మునుపటిలా తిరిగి రాలేదు.

మన ధోతిని ఎవరూ నిషేధించలేదు. అయినా అదే దారి పట్టింది. సొంతూరు వంగర నుంచి ఢిల్లీ దాకా పీవీ నరసింహారావు ధోతి మీదే నడిచారు. హనుమాజీపేటలో పుట్టిన కవి సినారె విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పినా, 1988 జ్ఞానపీఠం అందుకున్నా ఆ తెల్ల పంచే, లాల్చే. వాళ్లకది పండుగ బట్ట కాదు, పొద్దున లేస్తే కట్టుకునే బట్ట. ఇప్పుడు పెళ్లికొడుకు ఫొటోలయ్యేదాకా భరించి, భోజనాల వేళకు ప్యాంటులోకి వచ్చేస్తున్నాడు. కట్టడం రానివాళ్ల కోసం అతికించుకునే పట్టీలతో రెడీమేడ్ పంచెలు అమ్ముతున్నారు. కాసె పోయడం తెలిసిన చేతులు ఊళ్లో ఎన్ని మిగిలాయో చూసుకుంటే దిగులేస్తుంది.

ఆదిలాబాద్ వైపు పరిస్థితి కొంత నయం. ఏటా పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర కోసం గోండుల్లోని మెస్రం వంశీయులు తెల్ల ధోతులు, తలకు తెల్ల రుమాళ్లతో గోదావరి జలం తేవడానికి కాలినడకన బయల్దేరుతారు. స్కాట్లాండ్‌లో ఈ గళ్లు ఫలానా వంశానివని పద్ధతిగా పంచుకున్నది ఎక్కువగా 19వ శతాబ్దంలోనే. మెస్రం వాళ్లకు గళ్లూ రంగులూ అక్కర్లేకుండానే వంశమంతా ఒక్క తెలుపులో కనిపిస్తుంది. ఉట్నూరు, ఇంద్రవెల్లి సంతల్లో ఆ ధోతి, ఆ రుమాలు మామూలు రోజున కూడా కొందరు పెద్దల ఒంటి మీద ఉన్నాయి. జాతర ఒక్కటే వాటిని కాపాడుతుందని అనుకోలేం. సంతలో కనిపించినన్నాళ్లే అవి బట్టలు.

మనకు నిజంగా మిగిలిన రోజువారీ బట్ట లుంగీ. కొత్తది గంజితో బిరుసుగా ఉంటుంది. రెండు కొసలూ కలిపి దర్జీతో కుట్టించుకుంటాం. నాలుగు ఉతుకులయ్యాక గానీ నడుముకు లొంగదు. పని పడితే మోకాళ్ల పైకి ఎగ్గడతాం, పెద్దమనిషి ఎదురైతే వెంటనే వదిలేస్తాం. ఆ వదలడంలో ఉన్నంత మర్యాద ఏ ప్యాంటూ చూపలేదు. మే నెలలో రామగుండం, జగిత్యాల, ఆదిలాబాద్‌లలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అంత వేడిలో కాళ్లకు గాలి తగలనిచ్చే బట్ట ఇంతకంటే ఏముంది? గోదావరిఖనిలో షిఫ్టు దిగి స్నానం చేసిన కార్మికుడికైనా, దుబాయి క్యాంపులో పని ముగించుకున్న కరీంనగర్ మనిషికైనా ఒళ్లు తేలికయ్యేది లుంగీలోకి మారాకే.

అలాంటిదాన్ని పట్టణంలో మనం ఇంట్లోనే బంధించాం. చుట్టం వస్తే లోపలికి పరుగెత్తి ప్యాంటు వేసుకుంటాం. చీర కట్టుకొచ్చిన టీచరమ్మను ఎవరూ వింతగా చూడరు. లుంగీ సరే, ధోతి కట్టుకొచ్చిన సారును చూస్తారు. సంప్రదాయాన్ని ఒంటి మీద మోసే పని ఆడవాళ్లకు వదిలేసి మగవాళ్లం తప్పుకున్నాం. అది న్యాయం కాదు.

మరమగ్గాల సిరిసిల్ల మన కరీంనగర్‌కు ఇంత దగ్గర ఉండగా ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తుంది. అక్కడి సాంచాలకు పనిస్తే బతుకు, పని లేకపోతే వలసకు భీవండి బస్సు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరు ఆడవాళ్ల బట్టతోనే ఆ ఊరికి ఊపిరి పోసింది. మగవాళ్లు రోజూ కట్టే బట్టకు గిరాకీ ఉంటే సర్కారు ఆర్డరు కోసం ఎదురుచూసే నెలలు కొన్నయినా తగ్గవా? చేనేత సంగతీ అంతే. సోమవారాలు చేనేత బట్టలు వేసుకోవాలని 2016లో కేటీఆర్ మంత్రిగా పిలుపునిస్తే చాలామంది మంచి చొక్కాలు కొన్నారు. కింద మాత్రం ప్యాంటు కదల్లేదు.

2014లో చెన్నైలో ఒక క్లబ్బు, ధోతి కట్టుకున్నారని మద్రాసు హైకోర్టు న్యాయమూర్తినే గుమ్మం దగ్గర ఆపింది. తమిళనాడు శాసనసభ ఆ ఏడాదే అలా ఆపడం నేరమని చట్టం చేసింది. 2024లో బెంగళూరులో పంచెకట్టు రైతును ఒక మాల్ లోపలికి రానివ్వకపోతే కర్ణాటక ప్రభుత్వం దాన్ని కొన్నాళ్లు మూయించడానికి సిద్ధపడింది. కరీంనగర్ వీధిలో లుంగీకి అడ్డొచ్చే బోర్డు ఏదీ లేదు. అడ్డొస్తున్నది మన మొహమాటమే. పొద్దున్నే పాల ప్యాకెట్టుకు వెళ్లేటప్పుడు ప్యాంటు మార్చుకోకుండా వెళ్దాం. ఆ తర్వాత కూరగాయల మార్కెట్టుకు, ఆ తర్వాత పిల్లల బడి దాకా. కాలేజీ కుర్రాళ్లు మొదలుపెడితే ఇంకా మంచిది, వాళ్లను చూసి నాన్నలకు ధైర్యం వస్తుంది.