మూడు దినముల గడువులో పిల్లల పండుగ

మంచి శుక్రవారమునకు ముందటి రాత్రి మేము అంగడి తలుపులు వేయబోవు వేళకు, మన సంఘమునకు చెందిన ఇద్దరు తల్లులు వచ్చి నిలిచిరి. "అన్నా, ఆదివారము ఈస్టరు. పిల్లోళ్లకు ఏమన్నా చెయ్యల్ల గదా" అని వారిలో ఒకామె అనెను. ఏటేట ఆ భారమును వహించుచుండిన కుటుంబము ఉద్యోగము నిమిత్తము బెంగుళూరికి తరలిపోయినది. ఎవరో ఒకరు చూచుకొందురని అందరును అనుకొనిరి. కావున ఎవరును చూడలేదు. పేరునకు మూడు దినముల గడువే కాని, అందు శుక్రవారము ఆ ఇండ్లవారికి ప్రార్థనల దినము. మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడు గంటల వరకు వారు చర్చిలోనే యుందురు. ఆనాడు వారిని పండుగ పనికి పిలుచుట తగదు. ఇక మిగిలినది శనివారమొక్కటే.

ఆ రాత్రియే కార్యవర్గములోని వారితో ఫోనుమీద మాటలాడితిమి. ఒకరు వాయిదా వేయుడనిరి. మరియొకరు, ఈ పండుగ మన సంఘమునకేల, వారి చర్చివారే చేసికొందురు గదా యనిరి. ఈ రెండవ మాటకు ముందుగా సమాధానము చెప్పవలసియున్నది.

మన సంఘము మతమును బట్టి ఏర్పడినది కాదు. మాటను బట్టి ఏర్పడినది. 1956లో రాష్ట్రములను తిరిగి విభజించినప్పుడు మూడు దిక్కుల ఆంధ్రదేశము ఆవరించియున్న ఈ పావగడ తాలూకా మైసూరు రాష్ట్రముననే నిలిచినది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమను పేరు దాల్చినది. నాటినుండి నేటివరకు ఇంటిలో తెలుగును, బడిలోను కచ్చేరిలోను కన్నడమును మాటలాడుకొనుచు మనము సుఖముగనే యున్నాము. ఇందులో శని మహాత్ముని గుడికి పోవువారును, మసీదుకు పోవువారును, చర్చికి పోవువారును కలరు. ఒక సంగతి మాత్రము చెప్పక తీరదు. క్రైస్తవ సోదరుల ఇండ్లలో 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను తెలుగు పుస్తకము ప్రతి ఆదివారము తెరువబడుచున్నది. పందొమ్మిదవ శతాబ్దమున పురుషోత్తమ చౌదరి మున్నగువారు రచించిన పాటలను ఆ ఇంటి పిల్లలు నేటికిని నోటికి పాడగలరు. మిగిలిన మన ఇండ్లలో ఎన్నింట వారమునకొకసారియైనను తెలుగు పుస్తకము తెరువబడుచున్నదో ఎవరికి వారే చూచుకొనవచ్చును.

వాయిదా మాటకు వత్తము. ఈస్టరు మన పండుగలవలెనే చంద్రుని వెంట నడచునది. చర్చి లెక్క ప్రకారము మార్చి 21వ తేదీన గాని, దాని తరువాత గాని వచ్చు పున్నమి దాటిన మొదటి ఆదివారము ఈస్టరు. 2024లో అది మార్చి 31న వచ్చినది, 2025లో ఏప్రిల్ 20న వచ్చినది. ఇట్లు తేదీ కదలుచుండుటచేతనే కొంతవరకు మనము ఏమరితిమి. పెద్దలు మరచిన తప్పునకు ఐదేండ్ల బిడ్డను "వచ్చు వారము రమ్మ"నుట ఏమి న్యాయము? ఆ బిడ్డ ఆదివారమునాడే క్రొత్త బట్టలు కట్టుకొనును.

ఇక అసలు విషయము. నిరుడు మేము ఇంతకు పదింతలు గడువుండగా, పదింతలు ఖర్చుపెట్టి పిల్లల వేడుక చేసితిమి. పట్టణమునుండి ఒక కార్యక్రమమువారిని పిలిపించితిమి. వయస్సును బట్టి పిల్లలను మూడు వరుసలుగా కూర్చుండబెట్టితిమి. మైకు మ్రోతకు మూడేండ్లవారు ఏడ్చిరి. నడిమివారు బహుమానములకై తగవులాడిరి. పదుమూడు పదునాలుగేండ్లవారు వెనుకనున్న గోడనానుకొని ఫోనులు చూచుకొనుచు నిలిచి, సగములోనే ఒక్కరొక్కరుగా గేటు దాటిపోయిరి. పిలిచినవారిది తప్పు కాని, వచ్చినవారిది కాదు. పిల్లలనందరిని మేము ప్రేక్షకులుగా కూర్చుండబెట్టితిమి. అదియే మేము చేసిన పొరపాటు.

ఆ గేటు దాటిపోయిన పిల్లలను గూర్చియే మాకు చింత. రాజ్యాంగములో 350ఎ అను అధికరణము కలదు. 1956లో ఏడవ సవరణచే చేర్చబడిన ఆ అధికరణము అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు వసతులు కల్పింప యత్నించవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. అది ప్రాథమిక దశకే. ఆ తరువాతి వయస్సునకు ఏ అధికరణమును లేదు. ఇల్లును, ఇటువంటి కూటములును మాత్రమే దిక్కు. పదవ తరగతి దాటగానే మన పిల్లలు తుమకూరికో బెంగుళూరికో పోవుదురు. పోవుటకు ముందు మనకు చిక్కునవి ఆ మూడు నాలుగు సంవత్సరములే. ఆ వయస్సువారికి మనము చేయు వేడుకలలో పని యేమియు లేదు. చిన్నపిల్లలకు మిఠాయిలు పంచుచుండగా ప్రక్కన నిలుచుటకు వారెందుకు రావలెను?

కాబట్టి ఈసారి గడువు లేకుండుటయే మాకు మేలుచేసినది. పెద్దలకు తీరిక లేదు. పిలిపించుటకు ఎవరును దొరకరు. శనివారము ఉదయమున పదుమూడేండ్లు దాటిన పిల్లలను పదిమందిని మా గిడ్డంగికి పిలిచి, "ఇది మీ పని. నలుబదిమంది రావచ్చును. ఇదిగో నాలుగువేల రూపాయలు, ఇదిగో తాళపుచెవి" అంటిమి. వేరుసెనగ అమ్ముడుపోయి గిడ్డంగి ఖాళీగనే యుండెను. ముంగిట రెండు వేపచెట్లు కలవు.

కార్యవర్గములో ఒకరు "డబ్బు చేతికిచ్చితిరా?" అని ఆశ్చర్యపడిరి. ఇచ్చితిమి. సాయంకాలమునకు మూడువందల నలుబది రూపాయలు మిగిల్చి, చీటీలతో సహా లెక్క అప్పగించిరి. పదవ తరగతితో చదువు చాలించి అంగడిలో కూర్చున్న మాకు ఆ చీటీలను చూచినప్పుడు కలిగిన సంతోషమును చదువుకొన్నవారు మన్నింతురు గాక.

వారు చేసిన ఏర్పాటు ఇది. వయస్సును బట్టి విడదీయక, నలుగురేసి చొప్పున పది జట్లు కట్టిరి. ప్రతి జట్టులో ఒక పెద్ద, ఒక నడిమి, ఇద్దరు చిన్నలు. చిన్నవారి చేయి విడువకుండుట పెద్దదాని పని. ఆటలో కష్టము వచ్చునది ఎనిమిది మొదలు పదునొకండేండ్ల వరకుగల నడిమివారితోనే. వారు చిన్నలలో కలియరు, పెద్దలు వారిని కలుపుకొనరు. అందుచేత మార్కులు వ్రాయుట, తొండి పట్టుట వారికి అప్పగించిరి. తొండి చేయువానికే తొండి పట్టు పని ఇచ్చిన ఎంత నిష్ఠగా చేయునో ఆనాడు చూచితిమి.

గ్రుడ్ల సంగతి కొంత చెప్పవలెను. పూర్వము పడమటి దేశములలో ఈస్టరుకు ముందటి నలుబది దినముల ఉపవాసకాలమున గ్రుడ్లు తినరాదను నియమముండెను. కోళ్లు మాత్రము ఆ నియమమును పాటింపవు గదా! కూడిన గ్రుడ్లు పండుగనాడు వెలువడెడివి. పగిలిన సమాధికి పగిలిన గ్రుడ్డు గురుతనియు చెప్పుదురు. అమెరికా రాజధానిలో పిల్లలు ఈస్టరు మరునాడు శాసనసభా భవనపు పచ్చికమీద గ్రుడ్లు దొర్లించి ఆడుచుండగా, పచ్చిక పాడగుచున్నదని 1876లో శాసనము చేసి అచ్చట ఆటలు మాన్పించిరి. 1878లో అధ్యక్షుడు హేస్ తన నివాసమగు శ్వేతసౌధపు ఆవరణము వారికి తెరిపించెను. ఆ వేడుక నేటికిని ఆ పేరుతో అచ్చటనే జరుగుచున్నది. అదియు ముందుగా తలచి చేసిన ఏర్పాటు కాదు.

రంగులకై కొనవలసినదేమియు లేదు. మా అంగడి ఉల్లిసంచుల అడుగున పొట్టు కావలసినంత. ఆ పొట్టును అరగంటసేపు నీటిలో మరగించి, వడగట్టి, కొంచెము వెనిగరు చేర్చి, అందులో గ్రుడ్లు ఉడికించిన ఇటుకరంగు వచ్చును. పసుపుతో పసుపుపచ్చ. శనివారము సాయంకాలమున ఇట్లు అరువది గ్రుడ్లకు రంగువేసి, రెండిండ్ల ఫ్రిజ్జులలో దాచిరి. పడమటివారివలె వానిని చెట్లక్రింద దాచి వెదకించుట మన ఎండలలో తగదు. ఉడికిన గ్రుడ్డు బయట రెండు గంటలకు మించి ఉండరాదు; 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటయే గడువు. తిరుమణి సౌరవిద్యుత్ క్షేత్రమున 2,050 మెగావాట్లు పుట్టించుటకు చాలిన సూర్యుడు గ్రుడ్డును విడుచునా? పైగా గ్రుడ్డు ముట్టని ఇండ్ల పిల్లలును వచ్చిరి. అందుచేత గ్రుడ్లు తినుటకే యుంచి, దాచుటకు కాగితపు పొట్లములు కట్టిరి. పొట్లములో పుట్నాలపప్పు, బెల్లము, ఒక తెలుగు అక్షరము వ్రాసిన చీటీ. జట్టునకు నాలుగు పొట్లములు, నాలుగక్షరములు. కూర్చిన ఒక మాట కావలెను. విశ్రాంతి తీసికొన్న ఒక ఉపాధ్యాయులవారు మాటలు ఎన్నిక చేసి ఇచ్చిరి. పావగడ, తొలకరి, నెలవంక, కోడిపిల్ల, ఇట్టివి.

వేరుసెనగలు ఎందుకు కట్టలేదని కొందరడిగిరి. వేరుసెనగ అమ్మి బ్రతుకు మేమే చెప్పుచున్నాము, ఐదేండ్లలోపు బిడ్డలకు పలుకులు ఇయ్యరాదు. గొంతులో అడ్డుపడు ప్రమాదము కలదు. పొడికొట్టి బెల్లముతో ఉండలు కట్టి పెట్టవచ్చును. ఆనాడట్లే పెట్టిరి. చిత్రాన్నము, బొరుగులు, మజ్జిగ తల్లులు తెచ్చిరి. మన బోరునీటిలోని ఫ్లోరైడు సంగతి అందరికిని తెలిసినదే గనుక త్రాగునీరు శుద్ధినీటి కేంద్రమునుండియే తెప్పించితిమి.

వేళ నాలుగున్నర మొదలు ఆరున్నర వరకు. చర్చికి పోవు పిల్లలు తెల్లవారకముందే లేచి, సమాధులయొద్ద జరుగు సూర్యోదయ ప్రార్థనకు పెద్దలతో పోయివచ్చినవారు. మధ్యాహ్నమున నిద్రపోనిచ్చినగాని వారు సాయంకాలమున ఆడలేరు. ఈ మాట చెప్పినది ఒక పదునాలుగేండ్ల పిల్ల. నిరుడు మాకెవ్వరికిని తట్టలేదు.

పొట్లముల వెదకులాటలో మేము చూచిన ఒక దృశ్యమును వ్రాసెదము. పదునైదేండ్ల పిల్ల, కన్నడ మాధ్యమమున చదువుచున్నది, తన జట్టువారి చీటీలు చేతబట్టుకొని నిలిచియుండెను. ఇంటిలో తెలుగు తప్ప మాటలాడదు, చదువుట రాదు. ఆ సంగతి పదిమందిలో తెలియునని సిగ్గుపడుచున్నట్లు కనబడెను. జట్టులోని ఎనిమిదేండ్ల పిల్లవాడు అవ్వయొద్ద అక్షరములు నేర్చినవాడు. "అక్కా, ఇది 'గ' కదా, మన కన్నడ 'గ' మాదిరే ఉంది చూడు" అని వాడు చూపించెను. రెండు లిపులును ఒకే తల్లి బిడ్డలు గదా! తలకట్టు తేడా పట్టుకొనగానే ఆ పిల్ల నాలుగింటిని తానే వరుసపెట్టి "పావగడ" యని పెద్దగా చదివెను. ఆ తరువాత ప్రక్క జట్టు చీటీలు కూడ చదువబోయి తొండియని పట్టుబడినది.

అంతయు బాగుగ జరిగినదని చెప్పుట సత్యము కాదు. లెక్కలో పొరబడి పదిమంది పెద్దపిల్లలనే పిలిచితిమి. పదునొకండవవాడు ఆదివారము నాడు వచ్చెను. వానికి జట్టు లేదు. కొంతసేపు వేపచెట్టుక్రింద నిలిచి, ఫోను తీసి, వెళ్లిపోయెను. నిరుడు మొట్టమొదట గేటు దాటినవాడును వాడేయట. మరునాడు మేము వాని ఇంటికి పోయి తప్పు మాదని చెప్పితిమి. వాడు "పర్లేదు మామా" అనెనే కాని తల యెత్తలేదు. ఆ తప్పు మేము ఇంకను దిద్దుకొనలేదు.

కార్యవర్గము ముందర మేము పెట్టబోవు తీర్మానము చిన్నది. పిల్లల వేడుకల పనియు, దానికగు సొమ్మును, పదుమూడు మొదలు పదునారేండ్ల వయస్సువారి చేతికే ఇయ్యవలెను. పెద్దలమైన మనము పొయ్యిదగ్గర, గేటుదగ్గర ఉండిన చాలును. ఆడపిల్లలు బజారుకు పోయి సరకులు తెచ్చుటయేమని అభ్యంతరము చెప్పువారు కలరు. ఆ మూడువందల నలుబది రూపాయలు మిగిల్చినది ఆడపిల్లలేనని వారికి మనవి.

సమావేశము వచ్చు ఆదివారము ఉదయము పది గంటలకు. గిడ్డంగిలో జరుగును. తాళపుచెవి మాయొద్ద లేదు. పిల్లలను అడిగి తెరిపించుకొనవలెను.