పర్హేజ్ ఒక్కరిది కాదు, దస్తర్‌ఖాన్‌ది



ఇంట్లో ఒకరికి షుగర్ ఉందని తేలగానే మన నోట వచ్చే మొదటి మాట "ఇక పర్హేజ్ చేయాలి" అని. ఆ రోజు నుంచి పొయ్యి మీద ఒక చిన్న గిన్నె కొత్తగా చేరుతుంది. అందరికీ బగారా ఖానా, దాల్చా. ఆ ఒక్కరికి రెండు చపాతీలు, చప్పిడి కూర. పది రోజులు బాగానే నడుస్తుంది. తర్వాత జుమా వస్తుంది, మెహమాన్లు వస్తారు, ఎవరిదో వలీమా వస్తుంది. "ఒక్కరోజుకు ఏం కాదులే" అంటాం. ఆ చిన్న గిన్నె మళ్లీ అల్మారాలోకి పోతుంది. మూడు నెలలకు డాక్టర్ రిపోర్టు చూసి కోప్పడితే "ఈయనకు నోరు కట్టుకోవడం చేతకాదు" అని బీమార్ మనిషినే తిడతాం.

ఖసూర్ ఆ మనిషిది కాదని నా రాయ్. పదిమంది కూర్చున్న దస్తర్‌ఖాన్ మీద ఒక్కరిని వేరుగా తినమనడమే అసలు గల్తీ. మారాల్సింది ఇంటి వంట మొత్తం.

బీమార్ కాని మిగతావాళ్లు ఎందుకు మారాలి అని అడగవచ్చు. ఐసీఎంఆర్ దేశమంతా చేయించిన ఇండియాబ్ సర్వే లెక్కలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగర్ ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారని అందులో తేలింది. అంటే షుగర్ ఉన్నవాళ్ల కంటే రాబోయేవాళ్లే ఎక్కువ. అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ. కాబట్టి అబ్బా కోసం వండే పర్హేజీ ఖానా నిజానికి ముప్పై ఏళ్ల కొడుక్కి కూడా కావాల్సిందే. అబ్బాకు అది ఇలాజ్, కొడుక్కి హిఫాజత్.

ఈ పరిస్థితి ఒక్కరోజులో రాలేదు. మన దాదీ, నానీల కాలంలో ఓరుగల్లు చుట్టుపక్కల పల్లెల్లో జొన్న రొట్టె, గట్క రోజూ ఉండేవి. తెల్ల అన్నం పండక్కి, దావత్‌కి. తర్వాత నీళ్లొచ్చాయి, వరి పెరిగింది. 1983లో ఎన్టీఆర్ సర్కార్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ అన్నం మూడు పూటలకూ వచ్చి కూర్చుంది. అదే సమయంలో ఒంటి కష్టం తగ్గింది. 1934లో మొదలైన ఆజం జాహీ మిల్లులో రోజంతా నిలబడి పనిచేసినవాళ్ల మనవలు ఇవాళ ఆటో నడుపుతున్నారు, మొబైల్ షాపులో కూర్చుంటున్నారు, కంప్యూటర్ ముందు ఉంటున్నారు. తిండి మాత్రం మిల్లు మనిషి తిండే. పైగా నూనె, మీఠా పెరిగాయి.

మనలో చాలామందికి ఒక గలత్ ఫహ్మీ ఉంది. "రాత్రి అన్నం మానేసి చపాతీ తింటున్నా, ఇంకేం కావాలి?" అంటారు. అదే ఇండియాబ్ సర్వే నుంచి 2025లో ఇంకో విశ్లేషణ వచ్చింది. మన దేశంలో మనిషి తినే కేలరీల్లో దాదాపు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయని అందులో చెప్పారు. బియ్యం తీసి ఆ జాగాలో గోధుమో, చిరుధాన్యాల పిండో పెట్టినంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గడం లేదు. మొత్తం పిండి పదార్థం తగ్గి, దాని బదులు పప్పులు, పాలు పెరుగుతూ పెరుగు వంటివి చేరితేనే ఫాయిదా కనబడింది. కాబట్టి నాలుగు చపాతీలు తిని పర్హేజ్ చేశానంటే కుదరదు. ఆ లెక్క జొన్న రొట్టెకు కూడా వర్తిస్తుంది.

లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 2000 కేలరీల తిండికి ఒక నమూనా పళ్లెం ఉంది. బియ్యం, గోధుమ, రవ్వ అన్నీ కలిపి వండకముందు 250 గ్రాములు. పప్పులు 85 గ్రాములు. ఆకుకూరలు, కూరగాయలు 400 గ్రాములు. నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. రేషన్ సన్నబియ్యమే మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. దానిపైన చపాతీ, సేమియా, బ్రెడ్, సమోసా, చాయ్‌తో బిస్కట్ కలపండి. ఇక నూనె సంగతి. ఐదుగురున్న ఇంటికి నెలకు నాలుగున్నర లీటర్ల లోపే సరిపోవాలి. మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు ఖాళీ అవుతున్నాయో ఈ నెల ఒక్కసారి గోడమీద రాసిపెట్టండి.

దీనికోసం ఓట్స్, క్వినోవా కొనక్కర్లేదు. ఖట్టీ దాల్ మనదే. అంబాడే కీ భాజీ, మేథీ, తురాయీ, కద్దూ వేసిన దాల్చా, కుల్థీ కా కట్ మనవే. మన దగ్గర తేడా వచ్చిందల్లా పాళ్లలో. పళ్లెం నిండా అన్నం పెట్టి పైన రెండు గరిటెల దాల్చా పోసుకుంటున్నాం. దాల్చా ఎక్కువ చేసి, అందులో ముక్కలు, పప్పు పెంచి, అన్నం సగం చేస్తే అదే వంట సేహత్ వంట అవుతుంది. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం తింటే షుగర్ అంత త్వరగా ఎగబాకదు. గోలీలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం తిండి తగ్గించేముందు డాక్టర్‌కు చెప్పండి. మందు అంతే ఉండి అన్నం ఒక్కసారిగా తగ్గితే షుగర్ పడిపోతుంది. గోలీలు సొంతంగా ఆపడం అసలే వద్దు.

ఇప్పుడు అసలు మాట. ఇంటి మగమనిషికి షుగర్ వస్తే వేరే గిన్నె పెట్టడానికి బీవీ ఉంది, బహూ ఉంది. అదే అమ్మీకి వస్తే ఆ గిన్నె ఎవరు పెడుతున్నారు? ఆమె అందరికంటే ఆఖర్న తింటుంది. మిగిలిన అన్నం పారేస్తే గునా అని దాన్ని కూడా తనే తినేస్తుంది. పారేయడం ఒక్కటే ఇస్రాఫ్ కాదు కదా, అవసరానికి మించి కడుపులో వేయడం కూడా ఇస్రాఫే. తక్కువ వండడం ఒక్కటే దీనికి ఇలాజ్. ఇంకో విషయం. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన ఆడవాళ్లకు కాన్పు తర్వాత అది పోయినా, ముందుముందు మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువ. కాన్పయిన 6 నుంచి 12 వారాల్లో ఒకసారి, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి. బిడ్డ ఛిల్లా, అఖీఖా యాద్ పెట్టుకునే ఖాందాన్ తల్లి రక్తపరీక్ష కూడా యాద్ పెట్టుకోవాలి.

నడక విషయంలోనూ ఇదే నాఇన్సాఫీ. వారానికి 150 నిమిషాల చురుకైన నడక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట, ఐదు రోజులు. ఫజర్ తర్వాత భద్రకాళి బండ్ మీద, హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడిచే మగవాళ్లు తమ ఇంటి ఆడవాళ్లను కూడా తీసుకుపోవచ్చు. లేదా ఆ అరగంట మగవాళ్లే నాష్తా, పిల్లల టిఫిన్ డబ్బా చూసుకుంటే ఆడవాళ్లు నలుగురు కలిసి వెళ్తారు. "ఇంటిపని చేస్తోందిగా, అదే కస్రత్" అనే మాట ఇక చాలు.

"మౌత్ అల్లాహ్ చేతిలో ఉంది, తినేది తినాల్సిందే" అనేవాళ్లు ప్రతి దావత్‌లో ఉంటారు. మౌత్ ఆయన చేతిలోనే ఉంది, అందులో షక్ లేదు. కానీ కంట్రోల్‌లో లేని షుగర్ మౌత్ కంటే ముందు కళ్ల మీదికి, కిడ్నీల మీదికి, కాళ్ల నరాల మీదికి వస్తుంది. డయాలసిస్ అంటే చాలామందికి వారానికి మూడుసార్లు దవాఖానా. ఆటో నడిపే మనిషికి ఆ మూడు రోజుల కమాయీ పోతుంది, తోడు వెళ్లే కొడుకు పని పోతుంది. ఒళ్లు మనకు అల్లాహ్ ఇచ్చిన అమానత్. అమానత్‌ను పాడుచేసి తఖ్దీర్ పేరు చెప్పడం దీన్‌దారీ కాదు.

అందరూ కలిసి మారడం ముమ్కిన్ కాదనేవాళ్లకు రంజాన్‌ను చూపిస్తాను. చాంద్ కనబడిన రాత్రే ఇంటి టైమ్ మొత్తం మారిపోతుంది. నిద్ర, వంట, తిండి, అన్నీ. ఎవరూ ఒంటరిగా కష్టపడుతున్నామనుకోరు, ఎందుకంటే మొహల్లా అంతా తోడుంటుంది. అంత ఆసాన్‌గా మారగలిగిన మనం, అదే నెలలో ఇఫ్తార్‌కు భజియాలు, సమోసాలు, రంగు షర్బత్, ఆ తర్వాత మండీ బజార్ హలీం పెట్టి ఫాయిదా అంతా పోగొట్టుకుంటున్నాం. షుగర్ ఉన్నవాళ్లు రంజాన్‌కు 6 నుంచి 8 వారాల ముందే డాక్టర్‌ను కలవాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు ఉన్నాయి. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదు. అది 70 కంటే పడిపోయినా, 300 దాటినా రోజా విరమించాలని వాటిలో స్పష్టంగా ఉంది.

కాబట్టి ఈ జుమా నుంచే ఇంట్లో మష్వరా చేయండి. ఒకే గిన్నె, అందరికీ అదే వంట. బియ్యం కొలిచే డబ్బా కొంచెం చిన్నది. దావత్‌లో ఒకే మీఠా, కూల్‌డ్రింక్ బదులు నీళ్లు. మెహమాన్ "బస్" అన్నాక కసమ్ పెట్టి వడ్డించడం బంద్. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి షుగర్, బీపీ పరీక్ష. అందులో మొదటి పరీక్ష అమ్మీది కావాలి.