గోడ నాకే బర్రె ఏమడుగుతోంది?

కూలివాడి బర్రె చూలు కట్టకపోతే ఊళ్ళో నాలుగు మాటలు పుడతాయి. దిష్టి తగిలిందని ఒకరంటారు. జాతి మంచిది కాదని ఇంకొకరంటారు. సాకడం చేతగానివాళ్ళకు అప్పులెందుకిచ్చారని పెద్దమనుషులు రచ్చబండ మీద తీర్పు చెబుతారు. ఆ బర్రె నోట్లోకి రోజూ ఏం పోతోందని మాత్రం ఎవరూ అడగరు. అది పశువైద్యుల పని అని మన సంఘాల వాళ్ళం కూడా ఇన్నాళ్ళూ ఊరుకున్నాం. ఆ తప్పు నాదీ ఉంది.

పాలమూరు బండి దిగే కూలీలతో మాట్లాడటానికి నేను కాచిగూడ స్టేషనుకు పోతుంటాను. మొన్న అక్కడ తెలిసిన చెల్లె ఒకామె కనిపించింది. రెండేళ్ళ కిందట అప్పు మీద బర్రెను తెచ్చుకుని, "ఇగ పట్నం మొఖం చూడనన్నా" అన్న మనిషి. ఇప్పుడు మూట నెత్తిన పెట్టుకుని మళ్ళీ అడ్డా మీదికి బయలుదేరింది.

"బర్రె ఏమాయె?" అంటే, "మూడుమార్లు సూది ఏయించిన. ఒక్కసారి గూడ కట్టలే. పాలు ఎండిపాయె. మేపలేక అమ్మిన" అంది. ఎవరికి అమ్మిందో చెప్పలేదు. నేనూ అడగలేదు. వాయిదాలు మాత్రం ఇంకా ఉన్నాయట.

"గోడ నాకుతుండెనా?"

ఆమె నా ముఖం వింతగా చూసింది. "నాకుతుండె. పాత చెప్పులు, బట్టపేలికలు గూడ నములుతుండె. దానికి పిచ్చి లేసిందనుకున్నం."

అది పిచ్చి కాదు, ఆకలి. కడుపు నిండినా తీరని ఆకలి ఒకటి ఉంటుంది. ఒంటికి కావలసిన భాస్వరం, ఉప్పు, ఇతర ఖనిజ లవణాలు మేతలో దొరకనప్పుడు పశువు వాటిని గోడలోనూ మట్టిలోనూ ఎముకల్లోనూ వెతుక్కుంటుంది. అలా ఎముకలు నమిలే పశువుల గురించి దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్యుడు 1920 ప్రాంతంలో పరిశోధన చేశాడు. అక్కడి బయళ్ళలో గడ్డికి కరువు లేదు, ఆ గడ్డిలో భాస్వరం లేదు. పశువులు చచ్చిన గొడ్ల ఎముకలు కొరికి, వాటికంటిన విషంతో కాళ్ళు పడిపోయి చచ్చేవి. శుద్ధి చేసిన ఎముకల పొడి మేతలో కలిపి పెడితే ఆ తిండి మానుకున్నాయి, ఒళ్ళు చేశాయి, ఎక్కువ దూడల్ని ఈనాయి. కాబట్టి మన దగ్గర ఎవరైనా "ఎముకే కదా, నమలనీ" అంటే ఊరుకోవద్దు. పాడైన ఎముక ప్రాణం తీస్తుంది.

చూలుకూ దీనికీ ఏం సంబంధం? పశువు ఒంట్లోకి వచ్చింది ముందు దాని ప్రాణం నిలపడానికి పోతుంది. మిగిలితేనే కొత్త చూలు. భాస్వరం తగ్గితే మేత సయించదు, ఒళ్ళు తగ్గుతుంది, అండాశయం పని మందగిస్తుంది. ఎద రాదు, వచ్చినా మూగగా వచ్చి పోతుంది. రాగి, జింకు, మాంగనీసు, కోబాల్టు, అయోడిన్ వంటివి కావలసింది చిటికెడు కంటే తక్కువే. ఆ మాత్రం కూడా లేకపోతే కట్టింది నిలవకపోవడం, ఈనినాక మాయ పడకపోవడం, పడ్డ ఎన్నేళ్ళకూ ఎదకు రాకపోవడం వంటివి చూస్తాం. దున్నకు జింకు తగ్గితే దాని వీర్యం కూడా దెబ్బతింటుంది. లోపం ఎప్పుడూ ఆడదానిదే అనేవాళ్ళు ఇది గమనించాలి.

ఇక అసలు ప్రశ్న. ఈ లోపం కూలివాడి బర్రెకే ఎందుకు ఎక్కువ?

ఆసామి కొట్టంలో పచ్చిమేత ఉంది, తవుడుంది, పల్లిపిండి ఉంది. కూలివాడి బర్రెకు వరిగడ్డి. వరిగడ్డిలో ఇసుక వంటి సిలికా ఎక్కువ, భాస్వరం బహు తక్కువ. ఉన్న సున్నాన్ని కూడా అందులోని ఆక్జలేట్లు పట్టి ఉంచుతాయి, ఒంటికి పట్టనివ్వవు. పొట్ట మాత్రం నిండుగా కనిపిస్తుంది.

వెనక ఇట్లా లేదు. మా అమ్మ ఆసామి ఇంట్లో వడ్లు దంచి నూకలూ తవుడూ తెచ్చేది. ఆ తవుడులో భాస్వరం ఉంటుందని ఆమెకు తెలియదు, బర్రెకు తెలుసు. మరపట్టడం వచ్చాక దంపుడు కూలి పోయింది, దానితో తవుడూ పోయింది. ఇప్పుడు మిల్లు తవుడు నూనె తీసే ఫ్యాక్టరీకి పోతుంది. తర్వాత కలుపు. కలుపు తీసిన ఆడవాళ్ళు సాయంత్రం ఒక గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్ళు. అందులో పది రకాల ఆకు ఉండేది, పది రకాల లవణం ఉండేది. కలుపు మందు కొట్టడం మొదలయ్యాక కూలీ పోయింది, మోపూ పోయింది. మందు కొట్టిన చేని గడ్డి కోయడానికి కూడా భయమే. ఇక బంచరాయి భూములు ఎవరి పేర పట్టాలయ్యాయో మన కార్యకర్తలకు నేను చెప్పనక్కరలేదు. బంచరాయి మీద తుమ్మకాయ, రేగాకు, వాయిలి పక్కన మొలిచే గడ్డి, అన్నీ కొరుక్కుంటూ తిరిగిన పశువు తన మందు తనే ఏరుకునేది. గుంజకు కట్టేసిన పశువు ముందు వేసిందే తినాలి.

అందుకే ఖనిజ లవణ మిశ్రమం ప్యాకెట్టు అనేది షోకు వస్తువు కాదు. పోయిన తవుడుకూ, పోయిన మోపుకూ, పోయిన బంచరాయికీ అది కొంత బదులు. మొత్తం బదులు కాదు.

లెక్క పెద్దది కాదు. వట్టిపోయిన బర్రెకూ పడ్డకూ రోజుకు 50 గ్రాములు. పాలిచ్చేదానికి 100 గ్రాములు, పాలు ఎక్కువైతే ఇంకా కొంత. దూడకు 20, 25 గ్రాములు. అంటే వట్టి బర్రెకు కిలో ప్యాకెట్టు ఇరవై రోజులు వస్తుంది, ఏడాదికి పద్దెనిమిది కిలోలు. తడిపిన దాణాలోనో తవుడులోనో కలిపి పెట్టాలి. ఐఎస్ఐ ముద్ర ఉన్నదే కొనాలి. చవక అని సంతలో దొరికే రాతి ఫాస్ఫేటు పొడి తెచ్చి పెడితే అందులో ఫ్లోరిన్ ఉండొచ్చు. నల్లగొండ వైపు వాళ్ళకు నీళ్ళతోనే అది చాలినంత వస్తోంది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఎద్దులు కీళ్ళు బిగిసి నడవలేకపోవడం ముందు రైతులే గమనించారు. మనుషుల్లో ఆ ఫ్లోరోసిస్ ఉందని వైద్యులు రాసింది 1937లో.

అయితే ఈ పొడిని దేవుడి విభూతి చేయవద్దు. కడుపుకు మేత లేని పశువుకు పొడి పనిచేయదు. నులిపురుగులు ఉంటే ముందు వాటికి మందు తాపాలి. గర్భసంచిలో చీము ఉంటే వైద్యం కావాలి. ఇంకొకటి కూలివాళ్ళకే ఉన్న ఇబ్బంది. బర్రె ఎద చాలాసార్లు రాత్రిపూట, తెల్లవారుజామున కనిపిస్తుంది. అప్పటికి ఇంటి ఆడమనిషి వంట పనిలోనో కూలి ఆటోలోనో ఉంటుంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలంటారు. గోపాలమిత్ర వచ్చే వేళకు ఇంట్లో ఉండాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఆ అదను తప్పితే మళ్ళీ ఇరవై ఒక్క రోజులు. మూడు తప్పితే రెండు నెలల మేత దండగ. కట్టినా ఈనడానికి పది నెలలు దాటాలి. వాయిదా మాత్రం నెల నెలా ఠంచనుగా వస్తుంది. కాచిగూడ పక్కనే నారాయణగూడలో పశువుల పెద్దాసుపత్రి ఉంది గానీ, పాలమూరు బర్రె రైలెక్కి రాదు గదా!

ప్రభుత్వాలు పశువుల్ని పంచడం కొత్త కాదు. 1980లో ఐఆర్డీపీని దేశమంతటికీ విస్తరించిన నాటి నుంచి పాడిపశువుల అప్పులు చూస్తున్నాం. తెలంగాణలో 2017లో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి 75 శాతం సబ్సిడీతో ఇచ్చారు. 2018లో పాల సంఘాల సభ్యులకు పాడిపశువులు ఇచ్చారు, దళిత గిరిజనులకు 75 శాతం, మిగతావాళ్ళకు 50 శాతం సబ్సిడీ. పశువును ఇచ్చిన రోజు ఫోటో తీస్తారు. ఆ పశువు రెండోసారి ఈనిందా అన్నది చూడాలి. పేదవాడికి లాభం మొదటి ఈతలో రాదు, రెండో ఈతలో వస్తుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మా వైపు చాలా చోట్ల పాల కేంద్రంలో లవణాల ప్యాకెట్టు ఇచ్చి, డబ్బు పాల బిల్లులో పట్టుకుంటారు. పాలు పోసేవాడికి ఈ పద్ధతి బాగానే ఉంది. వట్టిపోయి, చూలు కట్టక నిలబడ్డ బర్రెకు పాల బిల్లు ఎక్కడిది? ఎవరికి ముందు అందాలో వాళ్ళకే అందడం లేదు. అప్పు మీద ఇచ్చిన ప్రతి పశువుకూ, ఈనినా ఈనకపోయినా, అప్పు తీరేదాకా లవణ మిశ్రమం ఊరి పశువైద్యశాల నుంచి ఉచితంగా ఇవ్వాలని మనం అడగాలి. చూలు పరీక్ష శిబిరాలు కూలికి పోయే వేళల్లో కాక తెల్లవారుజామున, ఆటోలు కదలకముందే పెట్టాలని అడగాలి. మిగిలిన బంచరాయిలో కొంతైనా అవిశ, గడ్డి పెంచుకోవడానికి కూలీల ఆడవాళ్ళ గుంపులకు ఇవ్వాలని అడగాలి.

అడగడానికి ముందు లెక్క చేతిలో ఉండాలి. ఈసారి సభ్యత్వం రాయడానికి వాడల్లోకి పోయే కార్యకర్తలు, ఇంట్లో కూలికి పోయేవాళ్ళెందరని అడిగినట్టే, బర్రె ఉందా, ఆఖరున ఎప్పుడు ఈనింది, ఎన్ని సూదులు పడ్డాయి, గోడ నాకుతోందా అని కూడా అడిగి అదే నోటుబుక్కులో రాసుకుని రండి.