బేరానికి మునుపు వ్రాసి ఇచ్చే కాగితం

డిగ్రీయో ఎం.సి.ఏ.యో ముగించి, ఇంటి దగ్గరనే ఉంటూ వెబ్‌సైట్లు తయారుచేసే పని పట్టిన పిల్లలు మన చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లోనూ ఉన్నారు. వారిలో కొందరు, ఎన్ని ప్రతిపాదనలు పంపినా జవాబు రావడం లేదని చెప్పి ఆ కాగితాలు మాకు చూపించారు. ప్రతిపాదన అంటే ఏమిటో ఇంట్లో పెద్దలకు తెలియకపోవచ్చు గనుక ఒక మాట. ఇల్లు కట్టించేటప్పుడు పని ఎంత, కూలి ఎంత, ఏ సామాను ఎవరిది అని మేస్త్రీతో ముందుగా మాట్లాడుకుంటాము గదా. వెబ్‌సైటు విషయంలో ఆ సంగతినే వ్రాసి ఇస్తే అది ప్రతిపాదన.

మేము చూసిన కాగితాలు దాదాపు అన్నీ ఒకే అచ్చులో ఉన్నాయి. మొదటి పేజీ నిండా తాము నేర్చిన కోర్సులు, సాఫ్ట్‌వేర్ల పేర్లు. రెండవ పేజీలో అందమైన డిజైను, తక్కువ ధర అనే మాటలు. చివర ఒక మొత్తం. పైన పేరు మార్చితే చాలు, అదే కాగితాన్ని లాడ్జికీ ఇవ్వవచ్చు, ఆస్పత్రికీ ఇవ్వవచ్చు. చదివే యజమానికి ఈ సంగతి తెలియదనుకుంటున్నారా? రెండు వరుసలు చదవగానే తెలిసిపోతుంది.

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే ఒక కుటుంబానికి ప్రతిపాదన వ్రాయవలసి వచ్చిందనుకుందాము. వ్రాయడానికి మునుపు వారింటికి వెళ్లి ఒక పూట కూర్చోవాలి. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో గుడ్డ నానబెట్టడం, బెల్లం, ఇనుము ఊరబెట్టి నల్లరంగు తీయడం, వెదురు కలంతో బొమ్మ గీయడం, రంగు వేసిన ప్రతిసారీ ఉతకడం, ఇవన్నీ కళ్లారా చూడాలి. ఎవరు కొంటున్నారు, ఫోను ఎవరు ఎత్తుతారు, నెలకు ఎన్ని గుడ్డలు తయారవుతాయి అని అడగాలి. అప్పుడు వారి అసలు కష్టం బయటపడుతుంది. యంత్రం మీద అచ్చువేసిన గుడ్డను కూడా బజారులో కలంకారీ అనే పేరుతోనే అమ్ముతున్నారు. చేతిపనికి ఆ ధర ఎందుకో కొనేవారికి తెలియడం లేదు. సహజ రంగులు ఫోటోలో ఒక రకంగా, చేతికి వచ్చాక మరొక రకంగా కనబడతాయి. అన్నిటికంటె ముఖ్యమైనది, ఒక బొమ్మ ఒక్కటే ఉంటుంది. అది అమ్ముడుపోయిన రోజే వెబ్‌సైటులో నుండి తీసివేయకపోతే, దానినే మరొకరు అడుగుతారు, లేదన్నప్పుడు నమ్మకం పోతుంది. ఆ తీసివేసే పని ఎవరిది? ఇంట్లో చదువుకున్న అమ్మాయికి నేర్పిస్తారా, లేక నెలకు ఇంత అని తీసుకొని మీరే చేస్తారా? మేము చూసిన ఏ ప్రతిపాదనలోనూ ఈ ప్రశ్న లేదు.

కాబట్టి మొదటి పేరాలో మీ గొప్ప వద్దు, వారి కష్టమే వ్రాయండి. "మీ దగ్గర కొనేవారు ఫోటో చూసి ఫోనులో ధర అడుగుతున్నారు. ఒకే ఫోటో రోజూ ఎందరికో పంపవలసి వస్తున్నది. ఏ గుడ్డ చేతిలో ఉన్నది, ఏది అమ్ముడైనది, ధర ఎంత అనేది కొనేవారే చూసుకొనేటట్లు చేస్తాము." ఇంత చాలు. ఇది చదివిన మనిషి తరువాతి వరుస కూడా చదువుతాడు. మీ చదువు సంగతి, మునుపు చేసిన పనులు చివరన రెండు మాటల్లో చెప్పవచ్చు.

తరువాత పని కొలత. ఎన్ని పేజీలు, మాటలు ఎవరు వ్రాసి ఇస్తారు, ఫోటోలు ఎవరు తీస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేసి ఇస్తారు. మార్పుల సంఖ్య వ్రాయని చోట పని ఎన్నటికీ ముగియదు. గడువు విషయంలో ఒక జాగ్రత్త. ఆలస్యం తరచుగా ఫోటోలు, వివరాలు చేతికి రాకపోవడం వలన అవుతుంది. గనుక ఫలానా తేదీకి అని కాక, సామగ్రి అంతా అందిన నాటి నుండి 30 రోజులు అని వ్రాయడం మంచిది.

డబ్బు దగ్గర మన పిల్లలకు మొగమాటం ఎక్కువ. మొత్తం 24,000 రూపాయలు అనుకుంటే, పని ఒప్పుకున్నప్పుడు 8,000, నమూనా చూపించినప్పుడు 8,000, అప్పగించినప్పుడు 8,000 అని వ్రాయండి. ఏటేటా కట్టవలసిన సొమ్ము వేరుగా చూపించాలి. మామూలుగా ఏడాదికి 20 లక్షల రూపాయల టర్నోవరు దాటని సేవలకు మన రాష్ట్రంలో జి.ఎస్.టి. నమోదు అవసరం లేదు. నమోదు లేనివారు ఆ పన్ను పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయరాదు.

వెబ్‌సైటు పేరు ఎవరిదనే మాటను మేము నొక్కి చెప్పదలచినాము. .కామ్ గాని .ఇన్ గాని, ఆ పేరు ఒకసారి కొంటే శాశ్వతంగా మనదైపోదు, గడువు తీరేలోగా మరల డబ్బు కట్టాలి. చేసే అబ్బాయి తన పేరు మీద, తన ఈమెయిలుతో నమోదు చేస్తాడు. తరువాత బెంగుళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం వస్తుంది, ఫోను నంబరు మారుతుంది, గడువు దాటిపోతుంది. దుకాణం బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద అచ్చు వేయించుకున్న పేరు ఇతరుల పాలవుతుంది. అట్లు పోగొట్టుకున్న వ్యాపారిని మేమెరుగుదుము. పేరు యజమాని పేరు మీదనే ఉంటుందనీ, పాస్‌వర్డులన్నీ అప్పగిస్తామనీ ప్రతిపాదనలోనే వ్రాయండి. తయారుచేసిన డిజైను హక్కు కూడా అంతే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కును మరొకరికి బదిలీ చేయడం వ్రాతపూర్వకంగా జరగాలి. నోటిమాట చాలదు.

వ్రాయకూడనివీ ఉన్నాయి. గూగుల్‌లో మొదటి స్థానంలో చూపిస్తామని చాలామంది వ్రాస్తున్నారు. అటువంటి హామీ ఎవరూ ఇవ్వలేరని ఆ సంస్థే చెబుతున్నది. తిరుపతిలో లాడ్జీల వారు, ట్రావెల్స్ వారు ఒక్కొక్కసారి దేవస్థానం పేరును పోలిన చిరునామా అడుగుతారు. అది మాత్రం ఒప్పుకోవద్దు. దేవస్థానం పేరుతో నడిచిన నకిలీ వెబ్‌సైట్ల మీద 2023లో కేసులు నమోదైన సంగతి పత్రికల్లో వచ్చింది. ఆ పని వదులుకుంటే పోయేది ఒక నెల సంపాదన. ఒప్పుకుంటే పోలీసులు యజమానితో పాటు తయారుచేసినవాని ఇంటికీ వస్తారు.

కాగితం రెండు పేజీలు దాటనివ్వకండి. తెలుగు చదివే యజమానికి తెలుగులోనే వ్రాయండి. ఇంగ్లీషులో ఉంటేనే గౌరవమనుకోవడం మాకు సమ్మతం కాదు. రెండు ప్రతులు తీసి, ఇద్దరూ సంతకం చేసి, చెరొకటి ఉంచుకోండి. ఇచ్చిన వారం తరువాత ఒకసారి మర్యాదగా ఫోను చేసి అడగవచ్చు. చిత్తూరు చుట్టుపట్ల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వారికి మాత్రం జూన్, జూలై నెలల్లో ఏ కాగితమూ పంపకండి. గేటు ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు వరుస కట్టి ఉన్నప్పుడు వారికి తలెత్తే తీరిక ఉండదు. కాయ తగ్గి, కొత్త గుజ్జుకు విదేశాల కొనుగోలుదారులను వెదకుకొనే ఆగస్టులో వెళ్లి కలుసుకోండి.