అంచుల్లో సాగిన తర్కం

పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో అరబ్బీ 2346 అనే రాతప్రతి ఉంది. అరిస్టాటిల్ తర్కగ్రంథాల అరబ్బీ అనువాదాలు, వాటికి ప్రవేశికగా తత్వవేత్త పోర్ఫిరీ రాసిన ‘ఇసాగోగె’ ఇందులో ఒకే చోట దొరుకుతాయి. అలంకారశాస్త్రం, కావ్యశాస్త్రం కూడా తర్కంలో భాగాలేనని ఆనాటి పండితుల లెక్క. అందుకే అవీ ఇందులో చేరాయి. ప్రతి 11వ శతాబ్దం నాటిది. దీని విలువ నగిషీల్లో లేదు, అంచుల్లో నింపిన రాతలో ఉంది.

దీనికి మూలం బాగ్దాద్ క్రైస్తవ పండితుడు, వైద్యుడు అల్ హసన్ ఇబ్న్ సువార్ సిద్ధం చేసుకున్న ప్రతి. ఆయన గురువు యహ్యా ఇబ్న్ అదీ (మరణం 974) నకళ్లు రాసి బతికినవాడు. రాత్రింబగళ్లు కలిపి నూరు ఆకులు రాయగలనని చెప్పుకున్నాడట. ఆ వేగంలో తప్పులు దొర్లకుండా ఉండవు. అందుకే రాయడంతో పని ముగిసేది కాదు, మరో ప్రతితో సరిచూడాలి. అరిస్టాటిల్ ‘కేటగరీస్’ పాఠాన్ని యహ్యా ప్రతితో సరిచూసినట్లు, ఆ ప్రతి అనువాదకుడు ఇస్‌హాక్ ఇబ్న్ హునైన్ స్వహస్తప్రతి నుంచి వచ్చినట్లు ఈ రాతప్రతి చెబుతుంది. పాఠం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పడం ఆ పండితులకు మర్యాద కాదు, ప్రమాణం.

కుతర్కాలను ఖండించే గ్రంథం దగ్గర ఇబ్న్ సువార్ పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ఒకటి కాదు, మూడు అనువాదాలున్నాయి: యహ్యాది, ఈసా ఇబ్న్ జుర్‌ఆది, ఇబ్న్ నాయిమాకు ఆపాదించిన పాతది. ఏ అనువాదకుడికీ అరిస్టాటిల్ భావం పూర్తిగా అందలేదని, ఒకదాని సాయంతో మరొకటి అర్థం చేసుకోవచ్చని అన్నీ ఎక్కించినట్లు ఆయనే వివరించాడు. మంచిదొకటి ఏరుకుని తక్కినవి పారేస్తే పని తేలికయ్యేది. ఆయన ఆ తేలికను ఒప్పుకోలేదు. మిగతా గ్రంథాల పక్కన సిరియాక్ భాషలోని పాఠాలతో తేడాలు, వ్యాఖ్యాతల అభిప్రాయాలు, ఆయన సొంత వివరణలు అంచుల్లోనూ పంక్తుల మధ్యా చోటు చేసుకున్నాయి.

కావ్యశాస్త్రం సంగతి వేరు. అబూ బిష్ర్ మత్తా (మరణం 940) సిరియాక్ నుంచి చేసిన అనువాదానికి ఈ ఒక్క ప్రతే మిగిలింది. గ్రీకు నాటకం ఎరగనివాడి అనువాదం కనుక చాలాచోట్ల అది తడబడుతుంది. అయినా గ్రీకు పాఠాన్ని పరిష్కరించేవారికి దానితో పని పడింది. ఆ సిరియాక్ పాఠం వెనకున్న గ్రీకు ప్రతి, ఇప్పుడు దొరికే గ్రీకు రాతప్రతులన్నిటికన్నా పాతది. పండితుడు మార్గోలియత్ 1887లోనే ఈ అరబ్బీ పాఠాన్ని అచ్చువేశాడు.

తర్కగ్రంథాల అరబ్బీ పాఠాన్ని పండితుడు అబ్దుర్రహ్మాన్ బదవీ 1948 నుంచి కైరోలో మూడు సంపుటాలుగా ప్రచురించాడు. అచ్చులో మూలం పైన, వివరణలు అడుగున ఒద్దికగా ఉంటాయి. ఏ వివరణ ఏ పంక్తి పక్కన ఎలా ఇరుక్కుందో తెలియాలంటే మాత్రం రాతప్రతినే తిరగేయాలి.