చిరునామా లేని రోగి

గత వేసవిలో నౌపడ జంక్షన్ స్టేషన్ బయట ఒక చెట్టు కింద ఒక వృద్ధుడు కనిపించేవాడు. కాళ్ళు వాచి ఉండేవి. ఉప్పు మడుల్లో పనిచేసేవాణ్ణని, ఒంట్లో సత్తువ పోయాక మానేశానని చెప్పాడు. ఆసుపత్రికి పోదాం రమ్మంటే, ‘మూట ఎవరు చూస్తారు బాబూ?’ అని అడిగాడు. ఒక దుప్పటి, ఒక గిన్నె, రెండు చొక్కాలు. మళ్ళీ కొనుక్కునే శక్తి ఆయనకు లేదు.

మూటతో సహా తీసుకువెళ్ళాము. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, డయాలసిస్ తప్పదని వైద్యులు చెప్పారు. తరువాత కౌంటరులో కార్డేదని, తోడెవరని, ఊరేదని అడిగారు. ఆయన దగ్గర వేటికీ జవాబు లేదు. నేను తోడుగా సంతకం చేశాను. రెండుసార్లు డయాలసిస్ జరిగింది. మూడోసారికి వెళ్ళి చూస్తే చెట్టు కింద మనిషి లేడు. ఎంత వెదికినా ఆచూకీ దొరకలేదు.

ఉద్దానం కిడ్నీ వ్యాధిపై దశాబ్దాలుగా గోడు వినిపించాక, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తున్నది. ఇవి చిన్న విషయాలు కావు. అయితే పింఛను ఇంటి గుమ్మం దగ్గరకే తెచ్చి ఇస్తారు. గుమ్మమే లేనివాని మాటేమిటి? డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు పడుతుంది. ఆ తరువాత మనిషి నీరసించిపోతాడు. చేతికి సూది గుచ్చినచోట మట్టి, తడి తగలకూడదు. తినేదానికీ, తాగే నీటికీ లెక్క ఉండాలి. ప్లాట్‌ఫారం మీద పడుకొని, ఎవరేది పెడితే అది తినేవానికి ఈ జాగ్రత్తలు ఎలా సాధ్యం?

క్షయ రోగం సంగతీ ఇంతే. మందులు ఉచితం, పోషకాహారానికిచ్చే సొమ్మును 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలకు పెంచారు. అది జమయ్యేది బ్యాంకు ఖాతాలో.

నగరాలలో లక్ష జనాభాకు ఒక ఆశ్రయ గృహం చొప్పున ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. తరువాత వచ్చిన పథకం కూడా పట్టణాలకే పరిమితం. 2011 జనగణన ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షలు, వారిలో ఎనిమిది లక్షలకు పైగా గ్రామీణ ప్రాంతాలవారే. సంతబొమ్మాళి వంటి మండలంలో బస్సు షెల్టరు, స్టేషను అరుగు తప్ప వారికి దిక్కు లేదు.

ఇందులో మన సమాజానికి ప్రత్యేకంగా తగిలే సంగతి ఒకటి ఉన్నది. 2007లో బి.సి.‘ఇ’ జాబితాలో చేరిన గారడీ ముస్లింలు, ఫకీరులు, గుడ్డి ఎలుగువాళ్ళు తరతరాలుగా ఊరూరా తిరిగి బ్రతికినవారు. ఆ జాబితా ప్రకారం ధ్రువపత్రం కావాలన్నా ముందు స్థిర నివాసం చూపించాలి! తిరిగేవారని గుర్తించి హక్కు ఇచ్చి, తిరగనివారికే పత్రం ఇస్తామనడం ఏమి న్యాయమో నాకు అర్థం కాదు.

నేను ఇతరులను నిందించి తప్పించుకోలేను. ముప్పైయేళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేశాను. చిరునామా గడి ఖాళీగా ఉన్న దరఖాస్తులను నేనూ వెనక్కి పంపాను. నిబంధన అది, నేనేమి చేయగలను అనుకున్నాను. నిజానికి, పత్రాలు లేనివారికి గెజిటెడ్ అధికారిగానీ సర్పంచ్‌గానీ నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆధార్ నమోదుకు అంగీకరించే ఏర్పాటు ఉన్నది. ఆ మాట ఆ దరఖాస్తుదారులలో ఎవరికీ నేను చెప్పలేదు.

పలాస ఆసుపత్రి ఆవరణలో ఇల్లు లేని డయాలసిస్ రోగులు ఉండడానికి పది మంచాల గది ఒకటి కావాలి. రోగికి తోడు లేకపోతే ఆసుపత్రే ఒక మనిషిని ఏర్పాటు చేయాలి. సచివాలయ సిబ్బంది నెలకొకసారి స్టేషన్లకూ, సంత దగ్గరి అరుగులకూ వెళ్ళి పేర్లు రాసుకోవాలి. ఈ జిల్లాలో మన సంఖ్య స్వల్పమే అయినా, జకాత్ పొందే ఎనిమిది వర్గాలలో బాటసారి ఉన్నాడని మనకు తెలుసు. మస్జిదు పక్కన గది ఖాళీగా ఉంటే, మతం అడగకుండా దాని తలుపు నంబరును ఒక రోగి దరఖాస్తులో రాయనివ్వడానికి కమిటీలు తీర్మానం చేయవచ్చును. దరఖాస్తులు నింపే పని నేను చేస్తాను. ఆ పని నాకు బాగానే వచ్చు.